కొసకు ఆరేళ్ళ ఎండ

తిరుమల కల్యాణకట్టలో భక్తులిచ్చిన తలనీలాలను దేవస్థానం వేలంలో అమ్ముతుంది. అమ్మేముందు పొడవును బట్టి వేరు చేస్తారు. కొన్నేళ్ళ కిందటి వేలాల్లో 31 అంగుళాలూ అంతకు పైబడిందీ మొదటి రకం. 16 నుంచి 30 దాకా రెండో రకం. అలా దిగుతూ పోతే 5 అంగుళాల లోపుది అట్టడుగు రకం. తెల్లజుట్టు రాశి వేరే. వ్యాపారికి కావలసింది పొడవు. కాస్త జీవశాస్త్రం తెలిసినవాళ్ళు అదే కొలత మీద వయసు కూడా లెక్కగట్టవచ్చు. తల వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. 31 అంగుళాలంటే 79 సెంటీమీటర్లు. ఆ జడ మొదలు మాడులోంచి నిన్నగాక మొన్న బయటికొచ్చింది. కొస బయటికొచ్చి ఆరున్నరేళ్ళయింది. ఒకే వెంట్రుక, రెండు చివరల మధ్య ఆరు వేసవుల తేడా.

జుట్టూ ఎండా అన్న మాట ఎక్కడ మొదలైనా, ఏ నూనె మంచిది, ఏ షాంపూ మంచిది అన్న చోటికి క్షణంలో చేరిపోతుంది. అంతకుముందు తేల్చుకోవలసింది ఈ వయసు సంగతి. వెంట్రుకలో ప్రాణమున్న భాగం మాడు లోపల పాతుకున్న కుదురు ఒక్కటే. చర్మం దాటి బయటపడ్డాక అది జీవంలేని పదార్థం. దానికి రక్తం అందదు, నరాలుండవు, విభజన చెందే కణాలుండవు. వీపు మీద చర్మం ఎండకు కమిలితే కొన్నాళ్ళకు పొర ఊడి కింద కొత్తది కనిపిస్తుంది. వెంట్రుకకు ఆ సౌకర్యం లేదు. మూడేళ్ళ కిందటి మే నెలలో తగిలిన దెబ్బ ఇవాళ మాడుకు 36 సెంటీమీటర్ల దూరంలో, ఎలా తగిలింది అలాగే ఉంటుంది. పైగా ఆ తర్వాతి రెండు వేసవుల దెబ్బలు దాని మీదే పడి ఉంటాయి. దెబ్బతిన్న కేశాలకు పునర్జీవం పోస్తామని సీసాల మీద రాసుకునేవాళ్ళు సంజీవని పర్వతం ఎక్కణ్ణుంచి మోసుకొచ్చారో కూడా రాస్తే బాగుండేది.

ఈ ఒక్క తేడా వల్లే ఒక వింత జరుగుతుంది. అదే ఎండకు చర్మం నల్లబడుతుంది, జుట్టు నలుపు తగ్గుతుంది. రెండు చోట్లా రంగు ఇచ్చేది మెలనిన్ అన్న పదార్థమే. చర్మంలో దాన్ని తయారుచేసే కణాలు బతికున్నాయి, ఎండ తగలగానే ఉత్పత్తి పెంచుతాయి. వెంట్రుకలో ఉన్నది ఎప్పుడో కుదురు దగ్గర నింపి పంపిన సరుకు. ఖర్చయిపోతే మళ్ళీ నింపే నాథుడు లేడు.

వేడి మీద నింద

ఎండన పడి తిరిగితే జుట్టు మాడిపోతుందని అంటాం. మాట బాగుంది గానీ నేరం వేడి మీద మోపడం అన్యాయం. రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు కాస్తోందనుకుందాం. ఆ వేడిలో అణువుల కదలికకు ఉండే శక్తిని భౌతికశాస్త్రపు కొలతలో చెబితే సుమారు 0.027 ఎలక్ట్రాన్ వోల్టులు. వెంట్రుకకు గట్టితనం ఇచ్చేది కెరటిన్ అనే ప్రోటీను. ఆ ప్రోటీను గొలుసులను పక్కపక్కన కట్టిపడేసేవి రెండేసి గంధకపు పరమాణువుల బంధాలు. వెంట్రుక బరువులో దాదాపు ఇరవయ్యో వంతు గంధకమే. జుట్టు కాలినప్పుడు వచ్చే ఆ కంపులో దాని వాటా పెద్దది. ఒక్కో గంధక బంధాన్ని తెంచడానికి సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మన వేసవి వేడి అందులో నూరోవంతు. ఎంత వడగాలి కొట్టినా ఆ బంధం తెగదు.

ఇప్పుడు వెలుగు లెక్క చూద్దాం. కాంతి ఫోటాన్లు అనే పొట్లాలుగా వస్తుంది. ఎరుపు కాంతిలో ఒక్కో ఫోటాన్‌లో 1.8 ఎలక్ట్రాన్ వోల్టులుంటాయి. కంటికి కనపడని అతినీలలోహిత కిరణాల్లో, 300 నానోమీటర్ల దగ్గర, 4.1 ఉంటాయి. ఒక్క ఫోటాన్ చాలు, గంధక బంధం తెంచగా మిగులుతుంది కూడా. అందుకే మే నెలలో గదిలో ఉక్కపోతకు ఎంత చెమట పట్టినా జుట్టు రంగు మారదు. లడఖ్‌లో చలికి వణుకుతూ బయట తిరిగేవాడి జుట్టు మారుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ, ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహితం సుమారు పదో వంతు పెరుగుతుంది మరి.

మన దగ్గర ఆ కిరణాలకు ఏం కొదవలేదు. హైదరాబాదులో ఏటా రెండుసార్లు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ మాయమవుతుంది. ఆ రోజులకు అటూ ఇటూ కొన్ని వారాలపాటు కిరణాలు వాతావరణాన్ని అతి తక్కువ దూరం దాటి పాపిడి మీద నిటారుగా దిగుతాయి. ఆ కాలంలో సూర్యుడి జోరు చూడటానికి యంత్రం అక్కర్లేదు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే అతినీలలోహితం బలంగా ఉందని అర్థం. పల్చటి మబ్బు పట్టిందని ధీమా పడకండి, అందులోంచి చాలాభాగం దిగి వస్తుంది. ఇసుక కొంత, సముద్రపు నురుగు కొంత కింద నుంచి ఎగజిమ్ముతాయి.

భూమిని చేరే అతినీలలోహితంలో రెండు రకాలు. 280 నుంచి 315 నానోమీటర్ల దాకా ఉన్నది యూవీ-బి. అక్కణ్ణుంచి 400 దాకా యూవీ-ఎ. మొదటిది తక్కువ, కానీ పదునైనది. రెండోది చాలా ఎక్కువ, ఇంకా లోతుకు పోతుంది. 2004లో బ్రెజిల్ పరిశోధకులు ఈ రెంటినీ విడదీసి వెంట్రుకల మీద ప్రయోగించారు. ప్రోటీను నష్టంలో పెద్ద వాటా యూవీ-బిది, రంగు మార్పులో యూవీ-ఎది అని తేలింది. ఈ పంపకం ఎందుకలా జరిగిందో తెలియాలంటే వెంట్రుకను అడ్డంగా కోసి చూడాలి.

పెంకుల కప్పు

వెంట్రుక మందం మనిషిని బట్టి 50 నుంచి 100 మైక్రోమీటర్లు. దాని పైతొడుగు పెంకుటింటి కప్పు మాదిరిగా ఉంటుంది. పారదర్శకమైన పొలుసులు ఒకదాని అంచు మీద ఒకటి పడేలా, మొదలు నుంచి కొసకు వాలుగా పేర్చి ఉంటాయి. ఒక్కో పొలుసు మందం అర మైక్రోమీటరు. అలాంటివి ఆరు నుంచి పది వరసలు. కింద నుంచి పైకి వేళ్ళు పోనిస్తే జుట్టు గరుకుగా తగిలేది ఆ అంచులే.

కప్పు కింద అసలు ఇల్లు. కెరటిన్ పోగులు, వాటి మధ్య మెలనిన్ రేణువులు అన్నీ ఇక్కడే. రంగంతా లోపల ఉంది, కప్పులో దాదాపు లేదు. ఈ సంగతి మనకు ముఖ్యం. మన నల్లజుట్టులో మెలనిన్ దండిగా ఉంటుంది. అది వచ్చిన కిరణాలను మింగి, చాలామటుకు వేడిగా మార్చి వదిలేస్తుంది. కనుక లోపలి పోగులు ఐరోపావాళ్ళ లేతజుట్టులో కంటే మనలో ఎక్కువకాలం నిలుస్తాయి. నల్లజుట్టుకు ఎండ ఏమీ చెయ్యదన్న నమ్మకంలో ఇంతవరకు నిజం ఉంది. కానీ కప్పుకు ఏ రంగు కాపలా లేదు. అది నల్లతలలోనూ బంగారుతలలోనూ ఒకేలా నగ్నంగా నిలబడి ముందు దెబ్బ తింటుంది.

కప్పు పైభాగాన మరో సూక్ష్మమైన పూత ఉంది. ఒక్క అణువు మందం మాత్రమే ఉండే కొవ్వు పొర. రసాయన శాస్త్రంలో దీని పేరు 18-మిథైల్ ఐకొసనోయిక్ ఆమ్లం. ఇది తలకు రాసుకున్న నూనె లాంటిది కాదు, పొలుసులకు గంధకం ద్వారానే రసాయనికంగా అతుక్కుని పుట్టుకతో వస్తుంది. నీళ్ళు నిలవనీయకుండా జారుస్తుంది, పక్కపక్క వెంట్రుకల మధ్య రాపిడి తగ్గిస్తుంది. ఎండకు ముందుగా పోయే వాటిల్లో ఇది ఒకటి. పోయాక తిరిగి రాదు. అప్పటిదాకా నీటిని తోసేసిన పైభాగం నీటిని లాగడం మొదలుపెడుతుంది. తడిస్తే బరువుగా ఒకదానికొకటి అంటుకుంటాయి, ఆరాక చిక్కుపడతాయి. జుట్టు పీచులా అయిపోయిందని మన ఇళ్ళల్లో అనేది చాలావరకు ఈ దశనే. రంగు చూస్తే ఇంకా నల్లగానే ఉంటుంది కనుక తప్పు నీళ్ళ మీదికో షాంపూ మీదికో పోతుంది.

అక్కణ్ణుంచి లోపలికి. కెరటిన్‌లోని అమైనో ఆమ్లాలన్నీ కాంతిని మింగవు. ట్రిప్టోఫాన్, టైరోసిన్ లాంటి కొన్నే ఆ పని చేస్తాయి. మింగిన శక్తి పక్కవాటికి అందుతుంది, గంధక బంధాలు తెగుతాయి, తెగినచోట ఆక్సిజన్ చేరి సిస్టీయిక్ ఆమ్లం తయారవుతుంది. తిరిగి కట్టుకోలేని ముడి అది. పొలుసుల అంచులు లేస్తాయి. దువ్వెన పళ్ళకు తగిలి విరుగుతాయి. కప్పు పోయిన కొసలో పోగులు విడిపోయి రెండుగా చీలిపోతాయి.

తెల్లజుట్టు కథ వేరు. అందులో మెలనిన్ లేదు, కిరణాలకు లోపలిదాకా దారి తెరిచి ఉంటుంది. ట్రిప్టోఫాన్ విరిగి పసుపుపచ్చ పదార్థాలుగా మారుతుంది. నెరిసిన తలలో పైవరస వెంట్రుకలు మాసిన తెలుపులోకి దిగేది చాలావరకు ఇందుకే. ఉన్నితో పనిచేసేవాళ్ళకు ఈ పసుపు చాలా ఏళ్ళుగా తలనొప్పి. గొర్రె బొచ్చు కూడా కెరటినే. గొర్రె వీపు మీద ఎండ తిన్న బొచ్చు కొసలు మొదళ్ళలా రంగు పట్టవు, అద్దకంలో చారలు పడతాయి. మన వెంట్రుక మీద జరిగిన మంచి పరిశోధనలో గణనీయమైన భాగం అసలు బట్టల పరిశోధనశాలల్లో జరగడానికి కారణం ఇదే. ఇలాంటి వాటిలో ఒకటైన ప్రిన్స్‌టన్‌లోని టెక్స్‌టైల్ పరిశోధన సంస్థ పేరు మళ్ళీ వస్తుంది.

నీరు, రాగి, వెలుగు

ఆ సంస్థకు చెందినవాళ్ళు 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. వెంట్రుకలకు కొంతసేపు అతినీలలోహితం పట్టించి, కొంతసేపు బాగా తేమ గాలిలో ఉంచి, మళ్ళీ వెలుగు, మళ్ళీ తేమ, ఇలా మార్చి మార్చి వందల గంటలు నడిపారు. పొలుసులు పల్చబడి, విడివిడిగా ఉండవలసినవి కరిగినట్టు కలిసిపోయాయి. వెంట్రుక పెళుసుబారింది. ఎండా తేమా జోడు కడితే జరిగే పని అది. విశాఖ, కాకినాడ తీరాల్లో మే నెల మధ్యాహ్నం సరిగ్గా ఇలాంటిదే.

నీటి పాత్ర ఇక్కడ ఏమిటి? తడిసిన వెంట్రుక ఉబ్బుతుంది. లోపల పదార్థాలు అటూ ఇటూ కదలడానికి వీలు చిక్కుతుంది. మెలనిన్ కిరణాలను మింగేటప్పుడు కొంత శక్తి ఆక్సిజన్‌కు చేరి, చివరికి హైడ్రోజన్ పెరాక్సైడు పుడుతుంది. బ్యూటీపార్లర్లో జుట్టు రంగు తీసెయ్యడానికి సీసాలోంచి పోసే రసాయనం ఇదే. పార్లర్లో గంటలో అయ్యే పని ఎండలో నెలల తరబడి, చుక్కచుక్కగా జరుగుతుంది. రాగి అందులో మరో దోషి. కుళాయి నీటిలో, గొట్టాల్లోంచి, వచ్చే లేశమంత రాగిని వెంట్రుక పట్టి ఉంచుతుంది, తలస్నానం చేసినప్పుడల్లా ఇంకాస్త పోగవుతుంది. పెరాక్సైడును మరింత దూకుడైన ముక్కలుగా విడగొట్టడంలో రాగి, ఇనుము ఆరితేరినవి. ఈతకొలనులో రోజూ దిగే తెల్లవాళ్ళ బంగారుజుట్టు ఆకుపచ్చ తిరిగేదీ రాగి వల్లే, క్లోరిన్ వల్ల కాదు. మన జుట్టులో ఆ పచ్చదనం కనపడదు గానీ రాగి ఉంటుంది. షాంపూ సీసా వెనక ఈడీటీఏ అని కనిపిస్తే, అది లోహాలను పట్టుకునే పదార్థం.

ఇంతా చెప్పాక ఒక ముచ్చటైన అలవాటు మీద చెయ్యి వెయ్యక తప్పదు. ఆదివారం పూట తలంటుకుని, డాబా ఎక్కి, వీపు నిండా జుట్టు పరుచుకుని ఎండలో కూర్చోవడం. తడి, విరబోసిన జుట్టు, పది దాటిన ఎండ. పైన చెప్పినవన్నీ ఒకేచోట సమకూరాయి. పొద్దున ఎనిమిది లోపు లేత ఎండ అయితే నష్టం స్వల్పం, నీడ మీకంటే చాలా పొడుగ్గా ఉంటుంది. ఆ తర్వాత అయితే వరండాలో గాలికి ఆరబెట్టుకోవడం మేలు. సాంబ్రాణి పొగ పట్టే ఇళ్ళవాళ్ళు నీడపట్టున ఆ పని ఎప్పట్నుంచో చేస్తున్నారు.

ఎర్రజుట్టు పిల్లలు

ఎండలో ఆడే పిల్లల జుట్టు రాగిరంగు తిరగడం మన ఊళ్ళల్లో చూస్తూనే ఉంటాం. సముద్రం ఒడ్డున పిల్లల్లో మరీను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ప్రోటీను, శక్తి తగినంత అందని పిల్లల్లో కూడా జుట్టు ఎర్రబడుతుంది. క్వాషియార్కర్ అనే ఆ జబ్బును మన దేశంలో అధ్యయనం చేసినవారిలో ముఖ్యులు సి. గోపాలన్. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చి తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న సంస్థకు ఆయన డైరెక్టరుగా పనిచేశారు. రెంటినీ వేరు చెయ్యడం కష్టం కాదు. ఎండ వల్ల అయితే కొసలూ పైవరసా ఎర్రగా ఉండి, పాపిడి దగ్గర, లోపలి వరసల్లో నలుపు నలుపుగానే ఉంటుంది. పోషణ లోపం అయితే మార్పు కుదురు నుంచే మొదలవుతుంది. జుట్టు సన్నబడుతుంది, మెల్లిగా లాగినా చేతికి వస్తుంది, ఒక్కోసారి తిండి దొరికిన కాలం నలుపుగా, దొరకని కాలం లేతగా అడ్డచారలు పడతాయి. రెండో రకం కనిపిస్తే నూనె సీసా వెతక్కూడదు, పిల్లను ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఎండకు జుట్టు ఊడిపోతుందన్న భయమూ ఇలాంటి కలగాపులగమే. ఎండ వెంట్రుకను విరుస్తుంది. రాలిన వెంట్రుక ఒక చివర చిన్న తెల్లటి గుండు ఉంటే అది కుదురు నుంచి ఊడింది, కారణం ఎక్కడో ఒంట్లో వెతకాలి. గుండు లేకుండా పొట్టిగా తెగి ఉంటే విరిగింది.

గొడుగుగా పుట్టింది

మనిషికి ఒళ్ళంతా బొచ్చు పోయి తల మీద మాత్రం ఎందుకు మిగిలింది? 2023లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన టీనా లసీసి, నీనా జబ్లాన్‌స్కీ, ఇంగ్లండులోని లఫ్‌బరో యూనివర్సిటీ వాళ్ళతో కలిసి ఒక సరదా ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. లోపల వేడి పుట్టించి కొలవగల మనిషి బొమ్మ ఒకటి తీసుకున్నారు. దానికి మనుషుల జుట్టుతోనే చేసిన విగ్గులు మార్చి మార్చి పెట్టారు. ఒకటి నిటారు జుట్టు, ఒకటి ఉంగరాలు, ఒకటి బిగుతైన చుట్టలు. ఎండ బదులు దీపాలు. జుట్టు ఏదైనా సరే మాడుకు చేరే ఎండవేడి తగ్గింది. బిగుతైన చుట్టల జుట్టు అన్నిటికంటే బాగా కాపాడింది. పెరుగుతున్న మెదడును ఆఫ్రికా ఎండలో చల్లగా ఉంచుకోవడంలో, చెమట రూపంలో నీళ్ళు ఖర్చుకాకుండా చూడటంలో తలజుట్టు పని చేసి ఉంటుందని వాళ్ళ వాదన.

వాదన సరైనదైతే మనం జుట్టుకు నష్టం అంటున్నది జుట్టు చేసే ఉద్యోగంలో భాగమే. చిరిగిపోయే గొడుగును మనం ఏళ్ళ తరబడి పొడవుగా పెంచి, మెరవాలని కోరుకుంటున్నాం.

సీసాల లెక్క

ఇప్పుడు కాపాడుకోవడం. ముందుగా, జుట్టుకు రాసే సన్‌స్క్రీన్లు. చర్మానికి రాసేవాటి మీద ఎస్పీఎఫ్ అని అంకె వేస్తారు. చర్మం ఎర్రబడటానికి పట్టే కాలాన్ని బట్టి కొలిచే అంకె అది. వెంట్రుక ఎర్రగా కందదు, కనుక ఆ అంకెకు జుట్టు మీద అర్థం లేదు. జుట్టు స్ప్రే మీద ఎస్పీఎఫ్ కనిపిస్తే అది మాడు చర్మానికైనా వర్తించాలి, లేదా అలంకారమైనా అయి ఉండాలి.

అంతకంటే మొండి చిక్కు విస్తీర్ణం. సగటు తల మీద లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కోటి 60 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం పొడవు 60 కిలోమీటర్లు, దాదాపు విజయవాడ నుంచి ఏలూరు దాకా. మందం 70 మైక్రోమీటర్లు వేసుకుని పైభాగం విస్తీర్ణం గుణిస్తే 13 చదరపు మీటర్లు వస్తుంది. పది అడుగులు, పద్నాలుగు అడుగుల గది నేలంత. ఒంటి మీద చర్మం మొత్తం రెండు చదరపు మీటర్లకు మించదు. చర్మానికి పరీక్షల్లో రాసేంత మందంగా, చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున, జుట్టంతా రాయాలంటే ఒక్క పూటకు పావుకిలో పైన కావాలి. నాలుగు పిచికారీ చుక్కలు ఏ మూలకు? ఆ కాస్తా తలస్నానంతో పోతుంది. ధనావేశం ఉన్న కొన్ని వడపోత అణువులు వెంట్రుకకు అంటుకుని కాస్త నిలుస్తాయి. అంతవరకు వాటిని మెచ్చుకోవచ్చు. ఎండ మాత్రం ఏకంగా లక్ష వెంట్రుకల మీద పడదు, పైవరస మీదే పడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

కండిషనర్లను ఇంత తేలిగ్గా తోసిపుచ్చలేను. అవి ఏదీ బాగుచెయ్యవు. కానీ ఎండకు తయారైన సిస్టీయిక్ ఆమ్లం వల్ల దెబ్బతిన్న చోట రుణావేశం పెరుగుతుంది, కండిషనర్లలో ఉండే ధనావేశ అణువులు సరిగ్గా అక్కడే ఎక్కువగా అతుక్కుంటాయి. పోయిన కొవ్వు పొర చేసే పనిని, రాపిడి తగ్గించడాన్ని, తర్వాతి తలస్నానం దాకా చేసిపెడతాయి. చిక్కు తియ్యడంలో విరిగే వెంట్రుకలు తగ్గుతాయి.

కొబ్బరినూనె సంగతి తెలుగు ఇంట్లో మాట్లాడకుండా ఉండలేం. 2003లో ముంబయి మారికో కంపెనీ శాస్త్రవేత్తలు రేలే, మొహిలే దీన్ని పొద్దుతిరుగుడు నూనెతో, ఖనిజ నూనెతో పోల్చి చూశారు. జుట్టులోంచి ప్రోటీను పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. అమ్ముకునేవాళ్ళే చేసిన ప్రయోగం కదా అని అనుమానించడం న్యాయమే. కానీ అంతకు రెండేళ్ళ ముందే ప్రిన్స్‌టన్ సంస్థతో కలిసి చేసిన పరీక్షలో నూనె వెంట్రుక లోపలికి ఇంకడం కొలిచి చూపించారు. కారణం కూడా నమ్మదగ్గది. ఇందులో ప్రధానమైన లారిక్ ఆమ్లపు గొలుసు పొట్టిది, వంకర లేనిది, పొలుసుల సందుల్లోంచి దూరుతుంది. దూరాక వెంట్రుక నీటికి అంతగా ఉబ్బదు. కాబట్టి తలంటుకు ముందు రాయడం శాస్త్రానికి నిలిచే అలవాటు. ఎండను ఆపుతుందా అంటే, పెద్దగా ఆపదు. నూనెలకు ఎస్పీఎఫ్ ఏడో ఎనిమిదో ఉందని తిరిగే అంకెలు పరీక్షనాళికలో ద్రావణానికి కొలిచినవి. వెంట్రుక మీది పల్చటి పూతకు అవి వర్తించవు.

రంగు వేసుకున్న జుట్టు, ఆశ్చర్యంగా, కొంత మెరుగు. రంగు అణువులే కిరణాలను మింగి లోపలి ప్రోటీనును కాస్తాయి, తాము వెలిసిపోతాయి. గోరింటాకులోని లాసోన్‌కు కూడా అతినీలలోహితాన్ని మింగే గుణం ఉంది. ఒకప్పుడు అమెరికాలో సన్‌స్క్రీన్లలో మరో పదార్థంతో కలిపి దాన్ని వాడటానికి అనుమతి ఉండేది. అయితే రంగు వెయ్యడానికి ముందు పెరాక్సైడుతో నలుపు తీయిస్తే లెక్క తిరగబడుతుంది. ఎండ ఆరేళ్ళలో చేసేది ఒక మధ్యాహ్నంలో చేయించుకుని, పైన పల్చటి కాపలా పెట్టుకున్నట్టవుతుంది.

బట్టా, జడా

మిరపకోతకు పోయే ఆడవాళ్ళు తలకు తువ్వాలు చుట్టి పైన కొంగు బిగిస్తారు. రైతు తలపాగా చుడతాడు. స్కూటీ మీద పోయే అమ్మాయి చున్నీ చుట్టుకుని కళ్ళు మాత్రం బయటపెడుతుంది. ఈ ముగ్గురూ వాడుతున్నదానికి దీటుగా ఆపగల సీసా ఇంతవరకు అంగట్లోకి రాలేదు. బట్ట ఎంత ఆపుతుందో చెప్పే అంకె యూపీఎఫ్. 50 అంటే యాభైలో ఒక వంతు మాత్రమే లోపలికి దిగుతుంది. పల్చటి తెల్ల నూలు బట్టకు అయిదో ఆరో వస్తే గొప్ప. నేత దట్టంగా ఉండాలి, రంగు ముదురుగా ఉండాలి, పొడిగా ఉండాలి. తడిసిన తెల్ల నూలు ఇంకా ఎక్కువ వెలుగును దిగనిస్తుంది, కనుక చల్లగా ఉంటుందని రుమాలు తడిపి కప్పుకుంటే మాడుకు హాయి, జుట్టుకు కాదు. తలపాగాలో మాత్రం బట్ట ఎన్నో మడతలు పడుతుంది, పల్చనిదైనా లెక్క మారిపోతుంది.

పైవరస మీదే ఎండ పడుతుందని చెప్పాను కదా. విరబోసిన జుట్టులో గాలి వీచినప్పుడల్లా పైవరస మారుతుంది, ఒక్కో వెంట్రుక వంతులవారీగా ఎండకు వస్తుంది. మూడు పాయల జడలో సగానికి పైగా జుట్టు జడ లోపలే నీడన ఉంటుంది. జడ అల్లినా కొస మాత్రం విడిగా వేలాడుతుంది, అదే ముసలిభాగం, అదే బలహీనం. దాన్ని ముడిలోకి చుట్టి లోపలికి దోపితే ఆరేళ్ళ కొస నీడకు పోయి, నిన్నటి మొదలు ఎండకు వస్తుంది. పెద్దవాళ్ళు పనిలోకి దిగేముందు ముడి వేసుకునేది చేతికి అడ్డం రాకుండా. నా మటుకు నాకు ఎండ విషయంలో జుట్టుకు అంతకంటే తెలివైన ఏర్పాటు తోచడం లేదు. హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు కింద వేలాడే జడ కొసను చొక్కాలోకి వేసుకోవడం మరిచిపోతుంటారు.

పాపిడి గురించి ఒక్క మాట. ఏళ్ళ తరబడి ఒకేచోట తీసే పాపిడిలో మాడు చర్మం బయటపడి ఉంటుంది. అది బతికున్న చర్మం, మిగతా ఒంటికి ఉన్న ప్రమాదాలన్నీ దానికీ ఉన్నాయి. అప్పుడప్పుడు పాపిడి పక్కకు మార్చడం ఖర్చులేని పని. బట్టతల ఉన్నవాళ్ళకు టోపీ ఫ్యాషన్ వస్తువు కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ నా మాట మీద నమ్మనక్కర్లేదు, మేడ మీదే చూడవచ్చు. దువ్వెనకు వచ్చిన పొడవాటి వెంట్రుకలు కొన్నాళ్ళు కూడబెట్టి, షాంపూతో కడిగి, మూడు కట్టలు కట్టండి. ఇంట్లో నెరిసిన తల ఉంటే ఆ వెంట్రుకలతో ఇంకో మూడు. ఒక కట్టను వంటింటి అల్యూమినియం కాగితంలో చుట్టేయండి. రెండోది పొడిగా, మూడోది రోజుకు రెండు మూడుసార్లు నీళ్ళు చిలకరిస్తూ, ఏప్రిల్-మే ఎండలో ఒక నెల ఉంచండి. కిటికీ అద్దం వెనక పెట్టకూడదు, అద్దం యూవీ-బిని చాలావరకు ఆపేస్తుంది. నెల తిరిగాక తెల్లకాగితం మీద పక్కపక్కన పరవండి. నల్లకట్టల్లో రంగు తేడా అంత సులువుగా పట్టివ్వదు. తెల్లకట్టల్లో పసుపు ముందే కనిపిస్తుంది. నల్లవాటికి నీటిబొట్టు పరీక్ష పెట్టండి, ఒక్కో కట్ట మీద ఒక చుక్క. కాగితంలో దాక్కున్న కట్ట మీద చుక్క గుండ్రంగా ఎక్కువసేపు నిలవాలి, ఎండ తిన్నవాటిలోకి తొందరగా ఇంకాలి. చివరగా ఒక్కో కట్టలోంచి ఒక వెంట్రుక తడిపి రెండు చేతులా మెల్లిగా సాగదీయండి. ఆరోగ్యంగా ఉన్న తడి వెంట్రుక తన పొడవులో మూడో వంతు దాకా సాగుతుంది. చిలకరించిన కట్టలోది ఎక్కడ తెగిందో చూసి, కొస వైపా, మొదలు వైపా, రాసిపెట్టుకోండి. ఒక్క వెంట్రుకతో తేల్చెయ్యకుండా కట్టకు ఇరవై చొప్పున చూస్తే మంచిది.